చూపునకు తీర్పునకు నడుమ

కోటి విద్యలు కూటి కొరకే యని పెద్దల మాట. ఆ కూడు చేరు కోశమే మొరాయించిననాడు కోటి విద్యలును మూలబడును. కొన్ని మాసములుగా తిన్నది సయింపక, రొమ్ము క్రింద మంటయు అర్ధరాత్రి మెలకువయు తప్పక, తుదకు మేమును ఎండోస్కోపీ బల్లమీదికి చేరితిమి. పరీక్షకు పట్టిన కాలము పది నిమిషములు. వైద్యుడు చూడవలసినదంతయు తెరమీద చూచెను. మా చేతికొక కాగితము వచ్చెను. దానిపై నాలుగు రంగుల చిత్రములు, వాని క్రింద మూడు వాక్యములు: జీర్ణాశయపు దిగువ భాగమున ఎరుపు కలదు, అచ్చటచ్చట ఒరపిళ్లు కలవు, ఒకచోట చిన్న పుండు కలదు. అట్టడుగున నాలుగవ వాక్యము: బయాప్సీ తీయబడినది, ఫలితము రావలసియున్నది.

ఆ ఫలితమునకు వారము దినములు పట్టునని చెప్పిరి. ఈ లోపల ఇంటిలో ఎందరు ఆ కాగితమును చదివిరో అన్ని అర్థములు పుట్టెను. మన పెద్దలు క్యాన్సరును రాచపుండు అనెడివారు. కావున పుండు అను మాట దగ్గరనే మా అమ్మగారి చూపు ఆగిపోయెను. బయాప్సీ అను మాట విన్నంతనే మా బావగారు గొంతు తగ్గించి మాటాడసాగిరి. ఆ సాయంకాలము అమ్మగారు మమ్ము అడిగిన ప్రశ్న ఒకటే: "కంటితో చూడనే చూచినారు గదా నాయనా! మరల ముక్క తీయుట దేనికి?"

ఆ ప్రశ్నకు అప్పుడు మేము సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. ఎదురుచూచు దినములలో పుస్తకములు తిరుగవేయగా తెలిసినదేమనగా, ఈ ప్రశ్ననే వైద్యలోకము రెండువందల ఏండ్లుగా తన్ను తాను అడుగుకొనుచు వచ్చినది. కన్ను చూచినది ఎంతవరకు నమ్మదగును? ముక్క చెప్పినది ఎంతవరకు నమ్మదగును? ఆ చరిత్రయే నేటి మా ప్రసంగమునకు విషయము.

మొదట వెలుతురు కథ. మానవుని కడుపు చీకటి గది. దానిలోనికి దీపము పంపుట ఎట్లు? జర్మనీ దేశమున ఫ్రాంక్‌ఫర్టు నగరమందలి ఫిలిప్ బొట్సీని అను వైద్యుడు 1806 ప్రాంతమున ఒక పరికరమును ప్రకటించెను. పూలకుండీవంటి తొడుగు, అందులో ఒక మైనపువత్తి, దాని వెలుగును ముందునకు త్రోయు అద్దము, శరీరద్వారములలో చొప్పించుటకు గొట్టములు. ఇంతే ఆ యంత్రము. వియన్నా నగరమున దానిని పరీక్షించిరి. అచ్చటి సైనిక వైద్యవిద్యాలయము మెచ్చుకొనెను గాని, విశ్వవిద్యాలయపు వైద్యశాఖ దానిని వింత వస్తువుగా త్రోసిపుచ్చెను. బొట్సీని 1809లో విషజ్వరముతో మరణించెను. అప్పటికాతనికి ముప్పదియారు ఏండ్లు నిండలేదు. మైనపువత్తి వెలుగు కడుపువరకు చేరలేదు. కాని లోపలికి చూడవచ్చునను ఆశ మాత్రము ఆరిపోలేదు.

తరువాత ఒక ప్రమాదము మానవజాతికి కిటికీ తెరచెను. 1822 జూన్ 6వ తేదీన ఉత్తర అమెరికాలోని మాకినాక్ దీవిలో, ఉన్నితోళ్ల వ్యాపారమున పనిచేయుచుండిన అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అను యువకునికి దగ్గరనుండి తుపాకి ప్రేలి ప్రక్కటెముకల క్రింద గాయమయ్యెను. సైనిక వైద్యుడగు విలియం బోమాంట్ చికిత్స చేసెను. మార్టిన్ బ్రదికెను, కాని గాయము పూర్తిగా పూడలేదు. జీర్ణాశయమునుండి వెలుపలికి ఒక రంధ్రము నిలిచిపోయెను. బోమాంట్ 1825 మొదలు ఆ రంధ్రముగుండ ఆహారము దారమునకు కట్టి దింపి, మరల పైకి తీసి, జీర్ణక్రియను గంటల లెక్కన పరిశీలించెను. 1833లో గ్రంథము ప్రచురించెను.

మన ప్రసంగమునకు కావలసినది ఆ గ్రంథమందలి ఒక చిన్న పరిశీలన. మార్టిన్ మితిమీరి మద్యము త్రాగిన దినములలో ఆతని జీర్ణాశయపు లోపొర ఎర్రబడుట, అచ్చటచ్చట పొక్కులవంటివి కనబడుట బోమాంట్ తన కంటితో చూచెను. అంతటి ఎరుపున్నను మార్టిన్ తనకు బాధ యున్నదని చెప్పుకొనలేదు. కంటికి కనబడు ఎరుపునకును, మనిషి అనుభవించు బాధకును లెక్క సరిపోవదని తెలుపు తొలి సాక్ష్యములలో ఇది యొకటి. మా కాగితమందలి ఎరుపు అను మాటను చదువునప్పుడు మేము ఈ కెనడా దేశీయుని స్మరించుకొంటిమి.

ఐనను ప్రతి రోగికిని కడుపున కిటికీ పెట్టలేము గదా! నోటిగుండనే పోవలెను. ఆ దారి చూపినవాడు వైద్యుడు కాడు, గారడీవాడు. మన సంతలలో కత్తి మ్రింగు విద్యను చూడని పెద్దలుండరు. అటువంటి విద్య నేర్చిన ఒకనిని 1868లో జర్మనీలోని ఫ్రైబుర్గు నగరమున అడాల్ఫ్ కుస్మౌల్ అను ఆచార్యుడు తన ప్రయోగమునకు పిలిపించెను. తల వెనుకకు వాల్చి మెడను నిటారుగా నుంచినచో నోరు, గొంతు, అన్నవాహిక ఒకే సరళరేఖలోనికి వచ్చును. 47 సెంటీమీటర్ల పొడవు, 13 మిల్లీమీటర్ల వెడల్పుగల లోహపు గొట్టమును ఆ మనిషి మ్రింగెను. గొట్టము చేరెను గాని వెలుగు చేరలేదు. ఆనాటి దీపము చాలలేదు. లోపల ఊరు ద్రవము అడ్డువచ్చెను. కుస్మౌల్ ఆ ప్రయత్నమును విరమించెను.

విద్యుత్తు వచ్చినపిదప 1881లో వియన్నా నగరమున యోహాన్ మికులిచ్ అను శస్త్రవైద్యుడు, జోసెఫ్ లైటర్ అను పరికరముల నిర్మాతతో కలసి, విద్యుద్దీపముగల గొట్టమును చేయించెను. దానితో జీర్ణాశయమును నిజముగా చూడగలిగెను. కాని గొట్టము ఇంచుమించు బిగుసైనది. అన్నవాహికకు చిల్లిపడు భయము ఎన్నడును తొలగలేదు. అందుచేత అర్ధశతాబ్దము ఈ పరీక్ష కొద్దిమంది సాహసికుల చేతులలోనే నిలిచిపోయెను.

ఆ భయమును తగ్గించినవాడు మ్యూనిక్ నగరమందలి రుడోల్ఫ్ షిండ్లర్. బెర్లినులో పరికరములు చేయు జార్జి వుల్ఫ్ తోడ్పాటుతో 1932లో ఆతడు క్రింది భాగము వంగు గొట్టమును సిద్ధపరచెను. వరుసగా అమర్చిన చిన్న కటకములగుండ, గొట్టము కొంత వంగినను బొమ్మ కంటికి చేరును. రోగిని ఎడమ ప్రక్కకు పరుండబెట్టి, తలను కదలకుండ పట్టుకొనుట ఈ పరీక్షలో ముఖ్యమైన పని. ఆ పనిని షిండ్లర్ భార్య గాబ్రియేల్ ఏండ్ల తరబడి నిర్వహించెను. ఆమె చేతులలో తల పెట్టిన రోగి జంకక యుండెడివాడని చెప్పుదురు. షిండ్లర్ నాజీ ప్రభుత్వపు నిర్బంధమునకు గురియై, 1934లో చికాగో నగరమునకు వలసపోయెను. అచ్చటనే ఈ విద్యకు పాఠశాల వంటిది ఏర్పడెను.

ఇప్పుడు చిక్కు మొదలయ్యెను. షిండ్లర్ వేలకొలది కడుపులను చూచి, లోపొర యందలి వ్యాధులకు పేర్లు పెట్టెను. పైపై గాస్ట్రైటిస్ యనియు, పొర పలుచబడు గాస్ట్రైటిస్ యనియు, మందమగు గాస్ట్రైటిస్ యనియు విభజించెను. ఇవి కంటి పేర్లు. రంగును బట్టి, మడతలను బట్టి, మెరుపును బట్టి పెట్టిన పేర్లు. వాని వెనుక నిజముగా ఏమి జరుగుచున్నది? శవపరీక్షలు ఈ ప్రశ్నకు సహాయపడలేదు. ప్రాణము పోయిన కొంతసేపటికే జీర్ణాశయము తన రసముచేత తన పొరనే కరగించుకొనును. కోపెన్‌హేగన్ నగరమందలి క్నుడ్ ఫేబర్ ఈ చిక్కును గ్రహించి, మరణానంతరము వెంటనే కడుపులోనికి ఫార్మలిన్ ద్రవమును ఎక్కించి పొరను కాపాడి చూచెను. అది పోయినవారి విషయము. బ్రదికియున్నవారి పొరను చూచుటకు ముక్క తీయుట తప్ప వేరు మార్గము లేదు.

ఇచ్చట మన కథ రెండవ పాయకు తిరుగవలెను. అది సూక్ష్మదర్శిని కథ. 1858లో బెర్లిను ఆచార్యుడు రుడోల్ఫ్ విర్కో, వ్యాధి యనునది శరీరమందలి కణములలో జరుగు మార్పేయని తన ఉపన్యాసములలో స్థాపించెను. 1879లో ఫ్రాన్సు దేశపు చర్మవైద్యుడు ఎర్నెస్ట్ బెనియే, బ్రదికియున్నవాని శరీరమునుండి ముక్క తీసి చూచు పద్ధతికి బయాప్సీ యని పేరు పెట్టెను. పేరు పుట్టిన ఎనిమిదేండ్లకే ఆ పద్ధతికి యూరపు ఖండమంతయు చూచుచుండగా ఒక కఠిన పరీక్ష ఎదురయ్యెను.

1887లో జర్మనీ యువరాజు ఫ్రెడరిక్ గొంతు బొంగురుపోయెను. జర్మను వైద్యులు స్వరపేటికలో కంతిని చూచి క్యాన్సరని శంకించి, శస్త్రచికిత్సకు ఏర్పాట్లు చేసిరి. లండను నుండి పిలిపింపబడిన మోరెల్ మెకెంజీ ముక్క తీసి పరీక్షింపక శస్త్రచికిత్స కూడదనెను. ముక్కలు విర్కో వద్దకు పోయెను. ఆతనికి వానిలో క్యాన్సరు కనబడలేదు. తన తీర్పు తన ముందున్న ముక్కలకే చెల్లుననియు, మొత్తము వ్యాధిని గూర్చి వానినిబట్టి నిశ్చయముగా చెప్పజాలమనియు విర్కో వ్రాసెను. కాని ఆ హెచ్చరికను వినదలచినవారు తక్కువ. శుభవార్త మాత్రమే నిలిచెను. 1888 మార్చిలో ఫ్రెడరిక్ చక్రవర్తి యయ్యెను. 99 దినములు ఏలి, జూన్ 15వ తేదీన మరణించెను. శవపరీక్షలో క్యాన్సరు బయటపడెను.

ఈ విషాదమునుండి వైద్యులు నేర్చినదేమి? ముక్క అబద్ధము చెప్పదు. కాని తాను వచ్చిన చోటును గూర్చియే చెప్పును. ప్రక్కనున్న చోటును గూర్చి దానికి తెలియదు. కావున ఎన్ని ముక్కలు తీయవలెను, ఎచ్చటనుండి తీయవలెను అనునది కన్ను నిర్ణయింపవలెను. ముక్క మంచిదని చెప్పినను కంటికి అనుమానము తీరనిచో మరల తీయవలెను. నేడును ఈ నియమమే నడచుచున్నది.

కంటికి ముక్క లేక, ముక్కకు కన్ను లేక ఇరువదవ శతాబ్దపు నడిమి వరకు జీర్ణాశయ విద్య కుంటి నడక నడచెను. 1948లో బోస్టను నగరమున ఎడ్వర్డ్ బెనెడిక్ట్ ముక్క తీయు పట్టకారుగల గొట్టమును వాడుకలోనికి తెచ్చెను గాని, అది లావైనది, కష్టమైనది. 1949లో మెల్‌బోర్న్ నగరమున ఇయాన్ వుడ్, ఆతని సహచరులు మెత్తని గొట్టముతో పొరను పీల్చి చిన్న ముక్క కోయు ఉపాయమును ప్రకటించిరి. వారి తొలి నివేదికలో 55 ముక్కల పరిశీలన కలదు. సులువైన పద్ధతియే, కాని గ్రుడ్డి పద్ధతి. గొట్టము ఎచ్చట తగిలిన అచ్చటి ముక్క వచ్చును.

ఈ రెండు పాయలను కలపిన తీగ గాజు తీగ. అందులో మన దేశీయుని పాలు కలదు. పంజాబులోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ లండనులో పరిశోధకుడుగా నుండి, తన గురువగు హెరాల్డ్ హాప్‌కిన్స్‌తో కలసి, సన్నని గాజు పోగుల కట్టగుండ బొమ్మను వంపులు తిప్పి పంపవచ్చునని 1954 జనవరిలో ప్రకటించెను. అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయమున నున్న దక్షిణాఫ్రికా వైద్యుడు బేసిల్ హిర్షోవిట్జ్ ఆ వ్యాసమును చదివెను. పోగునుండి పోగునకు వెలుగు కారిపోవుట అప్పటి చిక్కు. లారీ కర్టిస్ అను విద్యార్థి ప్రతి పోగునకు వేరొక జాతి గాజు తొడుగు వేసి 1956 డిసెంబరులో ఆ చిక్కును తీర్చెను. 1957 ఫిబ్రవరిలో హిర్షోవిట్జ్ ఆ గొట్టమును మొదట తానే మ్రింగెను. కొలది దినములకు ఒక రోగిపై ప్రయోగించెను. కత్తిసాము అక్కర లేకపోయెను. తరువాతి సంవత్సరములలో గొట్టము ప్రక్కన సన్నని దారి యేర్పడి, చూచుచున్న చోటనే పట్టకారు వంచి ముక్క తీయుట సాధ్యమయ్యెను. కన్నును చేయియు ఒకచోట చేరినవి.

కూడిన ఈ రెంటి శక్తిని లోకమునకు చూపినది జపాను. 1950లోనే అచ్చటివారు మ్రింగదగిన చిన్న కెమేరాను కడుపులోనికి పంపిరి. ఆ దేశమున జీర్ణాశయపు క్యాన్సరు అధికము. 1962లో వారు తొలిదశ క్యాన్సరునకు నిర్వచనము చేసిరి: వ్యాధి లోపొరను, దాని దిగువ పొరను దాటనిది తొలిదశ. దాని రూపములను ఉబ్బెత్తుగా నుండునది, చదునుగా నుండునది, గుంతపడినది యని విభజించిరి. ఆ చదును జాతిలో కొన్ని చుట్టునున్న పొరకును తమకును భేదమే తెలియనట్లుండును. కావుననే జపాను వైద్యుడు కొద్దిపాటి ఎరుపును, కొద్దిపాటి పాలిపోవుటను కూడ విడువక ముక్క తీయ నేర్చెను. ముక్క తీయుట భయమునకు గుర్తు కాదు, జాగ్రత్తకు గుర్తు అనుట ఈ అనుభవముననే స్థిరపడినది.

ఇంతవరకు కన్ను శంకించుట, సూక్ష్మదర్శిని తేల్చుట. ఇక సూక్ష్మదర్శినియే కొత్త సంగతి చెప్పిన కథ వినుడు. కడుపు పుండునకు కారణము ఆమ్లమనియు, చింత యనియు, ఘాటైన ఆహారమనియు చిరకాలము నమ్మిరి. మన దక్షిణ దేశమున డుయోడినమ్ పుండు బహుళముగా నుండెను. ఎవరెస్టు శిఖరముపైకి 1922, 1924 సంవత్సరముల యాత్రలలో పోయిన హోవర్డ్ సోమర్వెల్, తిరువాన్కూరులోని నెయ్యూరు ఆసుపత్రిలో శస్త్రవైద్యుడై, ఇట్టి పుండ్లకు విస్తారముగా శస్త్రచికిత్సలు చేసెను. మన యిండ్లలోనైతే నేరమంతయు మిరపకాయ మీదను చింతపండు మీదను పడెడిది.

ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమున రాబిన్ వారెన్ అను పాథాలజిస్టు 1979 జూన్‌లో ఒక బయాప్సీ ముక్కపై వంకరగా తిరిగిన సూక్ష్మజీవులను చూచెను. ఆమ్లములో సూక్ష్మజీవి బ్రదుకదని పుస్తకములు చెప్పుచుండెను. వారెన్ పుస్తకమును ప్రక్కన పెట్టి తన కన్నును నమ్మెను. 1981లో బారీ మార్షల్ అను యువ వైద్యుడు తోడయ్యెను. ఎండోస్కోపీకి వచ్చిన నూరుగురు రోగుల ముక్కలు పరీక్షించిరి. సూక్ష్మజీవిని పెంచుటకు చేసిన ప్రయత్నములు మొదట విఫలమయ్యెను. ఏలయన రెండు దినములకే పాత్రలను పారవేయుచుండిరి. 1982 ఈస్టరు సెలవులలో పాత్రలు ఐదు దినములు అట్లే యుండిపోగా వానిలో సూక్ష్మజీవి మొలచెను. ఎదురుచూచుటకు ఓపిక లేనందున అంతకుముందు ఎన్నిమారులు సత్యము చెత్తబుట్టపాలైనదో! 1984లో మార్షల్ తన కడుపు బాగుగా నున్నదని ఎండోస్కోపీచేత ముందుగా రుజువు చేసికొని, ఆ సూక్ష్మజీవిని స్వయముగా త్రాగెను. కొలది దినములలో వికారము, వాంతులు. పది దినములకు తీసిన ముక్కలో సూక్ష్మజీవియు, పొర వాపును కనబడెను. హెలికోబాక్టర్ పైలోరీ యని నేడు పిలువబడు ఆ జీవిని కనుగొన్నందుకు 2005లో ఆ యిరువురికి నోబెల్ బహుమతి వచ్చెను.

ఇందువలన కలిగిన మేలు సామాన్యము కాదు. శస్త్రచికిత్సకు పోవలసిన పుండు రెండువారముల మందులకు లొంగుట మన కాలమున చూచుచున్నాము. ఆ సూక్ష్మజీవి సోకినవారిలో అధికులకు పుండు గాని క్యాన్సరు గాని రాదనునదియు మరువరాదు. నొప్పి నివారణ మాత్రలవలన కలుగు పుండ్లు వేరుగా కలవు. ఏ పుండు ఏ జాతిదో కన్ను ఒంటరిగా తేల్చలేదు.

1990లో సిడ్నీ నగరమున సమావేశమైన వైద్యులు ఈ చరిత్రసారమును ఒక పద్ధతిగా కూర్చిరి. జీర్ణాశయ నివేదికను రెండు భాగములుగా వ్రాయవలెను: కన్ను చూచినది ఒకటి, సూక్ష్మదర్శిని చూచినది వేరొకటి. 1994లో హ్యూస్టను నగరమున దానిని సవరించి, దిగువ భాగమునుండి రెండు, నడిమి భాగమునుండి రెండు, మలుపువద్దనుండి ఒకటి, వెరసి ఐదు ముక్కలు తీయుట మంచిదనిరి. ఫ్రెడరిక్ చక్రవర్తి నాటి పాఠమే ఈ ఐదు ముక్కలలో నున్నది.

ఇక మా కాగితమునకు వత్తము. ఎరుపు అనునది రంగు మాత్రమే. రోగము పేరు కాదు. ఒరపిడి యనగా పొర పైభాగము చెదరుట. పుండు అంతకంటె లోతైనది. డుయోడినమ్ నందలి పుండు క్యాన్సరగుట అరుదు. జీర్ణాశయమందలి పుండు మంచిదిగా కనబడినను ముక్క తీయుట ఆచారము. మానినదా లేదా యని కొన్ని వారములకు మరల చూచుటయు కలదు. పొర చూపునకు చక్కగా నున్నప్పుడును గోధుమ పదార్థములు పడని సీలియాక్ వ్యాధి కొరకు చిన్నప్రేవునుండి ముక్క తీయుదురు. కావున బయాప్సీ తీయబడినది అను వాక్యము అనుమానించితిమని చెప్పుట కాదు; ఊహతో సరిపెట్టుకొనమని చెప్పుట.

వారము దినములు ఎందుకు? పెద్ద ఆవగింజంత ముక్క మొదట ఫార్మలిన్‌లో నానవలెను. 1893లో ఫెర్డినాండ్ బ్లూమ్ కనిపెట్టిన ఉపాయమిది. పిదప ఆల్కహాలుతో నీరు తీసి, మైనమెక్కించి, దిమ్మగా పోయవలెను. ఆ దిమ్మను మిల్లీమీటరులో వేయింట నాలుగు ఐదు వంతుల మందమున పొరలుగా కోయవలెను. వర్ణము లేని ఆ పొరకు మధ్య అమెరికాలో పుట్టిన చెట్టు చేవనుండి తీసిన నీలివర్ణమును, ఈయోసిన్ అను గులాబివర్ణమును అద్దవలెను. తరువాతనే పాథాలజిస్టు కన్ను పని మొదలగును. సందేహమున్నచో మరికొన్ని పొరలు కోయించును, వేరొక రంగు వేయించును, తోటివానికి చూపించును. సూక్ష్మజీవికి చేయు ఒక త్వరిత పరీక్ష ఫలితము ఆనాడే రావచ్చును. తక్కినవానికి తొందర పనికిరాదు. ఆలస్యమైనంత మాత్రమున చెడ్డ వార్తయని తలపరాదు.

ఫలితమున వచ్చు మాటలును కొంత భయపెట్టును. దీర్ఘకాలికమని వ్రాసినచో తీరని రోగమని అర్థము కాదు. పొరలో చేరిన కణముల జాతి అట్టిదని అర్థము. చురుకైనది యనగా వేరొక జాతి కణములు అప్పుడు పనిచేయుచున్నవని అర్థము. మెటాప్లేసియా యనగా జీర్ణాశయపు పొర ప్రేవు పొరవలె మారుట. అది క్యాన్సరు కాదు, కొందరి విషయమున కనిపెట్టి చూడవలసినది.

శ్రోతలకు మా మనవి మూడు మాటలు. ఎదురుచూచు దినములలో తమంతట తాము మందులు మార్చరాదు. పరీక్షకు ముందు వారములలో ఆమ్లము తగ్గించు మాత్రలు, సూక్ష్మజీవినాశక మందులు వాడియున్నచో వైద్యునకు తప్పక చెప్పవలెను. వానివలన సూక్ష్మజీవి దాగిపోయి ఫలితము తప్పుదారి పట్టవచ్చును. తారువలె నల్లని విరేచనమైనను, రక్తము వాంతియైనను, ఓర్వలేని నొప్పి పుట్టినను, సొమ్మసిల్లినను ఫలితము కొరకు ఆగక వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఫలితము వచ్చినపిదప రెండు కాగితములును ఒకచోట పెట్టి, కన్ను చూచినదియు ముక్క చెప్పినదియు సరిపోయినవా యని వైద్యుని అడుగవలెను. ఆ ప్రశ్న అడుగుట అవిశ్వాసము కాదు.

ఈ ప్రసంగము వ్రాయునాటికి మా ఫలితము రాలేదు. గురువారము రమ్మనిరి. భయము లేదని చెప్పినచో అది బొంకగును. రాత్రివేళ ఆ చిన్న పుండు మా తలపులో పెద్దదగుచునే యున్నది. కాని నిన్న సాయంకాలము అమ్మగారికి ఈ కథలన్నియు చెప్పితిమి. మైనపువత్తి మొదలు ఈస్టరు సెలవుల వరకు ఆమె ఓపికగా వినిరి. తుదకు, "అయితే చూచినాయనకు తెలియక కాదు, తెలిసినది తేల్చుకొనుటకన్నమాట" అనిరి. అంతకంటె చక్కగా మేము చెప్పలేము. గురువారము ఆమెయు మాతో వత్తుననిరి.